ఎన్‌హెచ్ 44 అనంతపురం బైపాస్: ఆరు వరుసలా, సర్వీసు రోడ్డా, సిటీ బస్సా?

#1 సోములదొడ్డి

ఊర్లోకి లారీలు రాకూడదని వేసిన బైపాస్ ఇప్పుడు ఊరి మధ్యకొచ్చేసింది. బళ్లారి బైపాస్, కళ్యాణదుర్గం బైపాస్, తపోవనం, రుద్రంపేట ఏ జంక్షన్‌లో నిలబడినా టిఫిన్ బండ్లు, షేర్ ఆటోలు, స్కూలు బస్సులు, వాటి మధ్యలో హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే కంటైనర్లు. ఆరు వరుసల మాట వచ్చినప్పుడల్లా మన ఊర్లో రెండే వాదనలు. "వెడల్పు చేసేస్తే ట్రాఫిక్ తీరిపోతుంది" అనేది ఒకటి. "ఆ దుడ్డులో పదో వంతు సిటీ బస్సులకు పెడితే చాలు" అనేది రెండోది. రెండూ లెక్క లేని మాటలే. రోడ్డు పని, బస్సు పని, రైలు పని తెలిసినవాళ్లు అంకెలతో రాయండి. పార్టీల గొడవ ఇక్కడ బ్యాడ, దానికి వేరే థ్రెడ్ ఉండాది.

#2 లెక్కల మేస్త్రి

ముందు కొలమానం. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ) 106వ నంబరు పుస్తకం ప్రకారం నగరంలోని ప్రధాన రోడ్డు, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసలది అయితే గంటకు రెండు వైపులా కలిపి 3,600 పీసీయూ మోస్తుంది. ఆరు వరుసలైతే 5,400. పీసీయూ అంటే ప్రతి వాహనాన్నీ కారుతో పోల్చి వేసే లెక్క. బైకుల వాటా పది శాతం దాటితే ఒక్కో బైకు 0.75, ఆటో 2.0, లారీ లేదా బస్సు 3.7. మన రోడ్ల మీద బైకుల వాటా పది శాతం ఎప్పుడో దాటింది కాబట్టి ఈ అంకెలే వాడాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 3,600 అనేది రెండు జంక్షన్ల మధ్య రోడ్డు మోసే లెక్క. జంక్షన్ ఎంత వదులుతుందన్నది వేరే లెక్క. సిగ్నల్ దగ్గర పచ్చలైటు గంటసేపు వెలిగే ఉంటే మీటరు వెడల్పుకు 525 పీసీయూ దాటుతాయి. నాలుగు వరుసల రోడ్డులో ఒక వైపు 7 మీటర్లు, అంటే 3,675. కానీ నాలుగు దిక్కుల జంక్షన్‌లో హైవేకు పచ్చలైటు దక్కేది మొత్తం సమయంలో 35 శాతం అనుకుందాం. అప్పుడు దాటేది 1,286. అదే రోడ్డు జంక్షన్ లేనిచోట ఒక వైపు 1,800 మోయగలదు. అంటే దాదాపు 29 శాతం జంక్షన్ దగ్గరే పోతోంది.

ఆరు వరుసలు చేసి జంక్షన్‌ను అట్లే వదిలేస్తే? 10.5 మీటర్లు, 5,512లో 35 శాతం, 1,929. నాలుగు వరుసలే ఉంచి జంక్షన్‌లో హైవేను పైకి లేపితే 1,800. తేడా చూడండి. కిలోమీటర్ల పొడవునా వరుస పెంచిన ఫలితం, నాలుగైదు జంక్షన్లు సరిచేసిన ఫలితం దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఖర్చులు మాత్రం దగ్గరగా ఉండవు.

#3 పన్నెండు టైర్లు

మేస్త్రీ గారూ, మీ లెక్క ఊరి వరకు సరే. హైవే ఊరి కోసమే లేదు కదా. నాలుగు వరుసల్లో లారీల బాధ ఒకటి మీ పీసీయూలో కనపడదు. గంటకు 55 కి.మీ.తో పోయే లారీని 60తో పోయే లారీ దాటాలంటే తేడా 5 కి.మీ.నే, అంటే సెకనుకు 1.4 మీటర్లు. ముందు ఖాళీ, వెనక ఖాళీ, రెండు బండ్ల పొడవూ కలిపి 65 మీటర్లు ముందుకు పోవాలి. దానికి 47 సెకన్లు. అంతసేపట్లో దాటే లారీ దాదాపు 780 మీటర్లు పోతుంది. ముక్కాలు కిలోమీటరు పొడవునా రెండు వరుసలూ మూసుకుపోయినట్టే. వెనకొచ్చే కారు ఎడమ నుంచి, షోల్డర్ (రోడ్డు అంచు) మీద నుంచి దూరుతుంది. అక్కడ బైకుంటే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు. మూడో వరుస ఉంటే ఈ జబ్బు సగం పోతుంది.

#4 లెక్కల మేస్త్రి

@పన్నెండు టైర్లు, ఒప్పుకుంటా. ఊరి బయట మూడో వరుసకు మంచి కారణం ఉంది. ఊరి బయట నాలుగు వరుసల రోడ్డుకు ఐఆర్‌సీ 64 చెప్పే రోజువారీ హద్దు, గట్టి షోల్డర్ ఉంటే, 40,000 పీసీయూ. అది దాటిన ముక్కలో ఆరు వరుసలు అడగడం న్యాయమే. నా మాటంతా సోములదొడ్డి నుంచి రాప్తాడు వైపు ఊరు దాటేదాకా ఉన్న ముక్క గురించే. అక్కడ మూడో వరుస వేస్తే అందులో ఆటో ఆగుతుంది.

#5 ఎర్రబస్సు

ఆగదు అని ఎవరైనా పందెం కాస్తే, ఆగుతుందని నేను కాస్తా.

#6 తపోవనం క్రాస్

ఊర్లో వాళ్లకు కావాల్సింది హైవే పొడవునా పోవడం కాదు, దాటడం. కళ్యాణదుర్గం రోడ్డు వైపు కాలనీ నుంచి ఊర్లోకి రావాలంటే హైవేను అడ్డంగా దాటాలి. ఆరు వరుసలైతే దాటాల్సిన వెడల్పు ఇంకో 7 మీటర్లు పెరుగుతుంది. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే ఇంకో 6 సెకన్లు. ముసలివాళ్లకు, పిల్లలకు ఇంకా ఎక్కువ. వంతెన ఎక్కి దాటమంటే ఎవరూ ఎక్కరు. ఆరేడు మీటర్లు మెట్లెక్కి మళ్లీ దిగే ఓపిక ఎండాకాలంలో మన ఊర్లో ఎవరికుంటుంది?

దాటడానికి సరైనది అండర్‌పాస్. కానీ ఎత్తు చూసుకోవాలి. లారీలు కూడా పోయే అండర్‌పాస్‌కు 5.5 మీటర్ల ఎత్తు కావాలి. చిన్న బండ్ల కోసం కట్టేవి 4 మీటర్లు. సిటీ బస్సు ఎత్తు మూడున్నర మీటర్ల లోపే కాబట్టి 4 మీటర్లలో బస్సు దూరుతుంది. అయితే కింద తారు మీద తారు వేస్తూ పోతే పదేళ్లకు అది కాస్తా 3.7 అవుతుంది. కొత్త పొర వేసే ముందు పాత పొర గీకాలని టెండర్‌లోనే రాయించాలి. చెరుకు బండి, వరిగడ్డి ట్రాక్టరు దూరకపోతే డ్రైవర్లు మళ్లీ పాత మీడియన్ (మధ్య డివైడర్) సందు దగ్గరికే పోతారు.

ఇంగ సర్వీసు రోడ్డు. 5.5 మీటర్లు వేసి రెండు దిక్కులా బండ్లు పొమ్మంటే ఒక పక్క పార్కింగ్‌కే సరిపోతుంది. 7 మీటర్లు, రెండు దిక్కులా పోయేట్టు, తెగకుండా ఉండాలి. తెగకుండా అన్నది ముఖ్యం. మన దగ్గర సర్వీసు రోడ్డు వంక దగ్గరికొచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే వంతెన హైవేకు మాత్రమే కట్టారు. అక్కడ బైకు హైవే ఎక్కక తప్పదు. యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటే ఎదురుదారిలో పోతాడు. అతన్ని తిట్టి లాభం లేదు, రోడ్డే అట్ల పొమ్మంటోంది.

#7 నడిమివంక

వంక మాటొచ్చింది కాబట్టి. 2022 అక్టోబరు వరదల్లో నడిమివంక పొంగి కాలనీలు మునిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. మన జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ, దేశంలోనే తక్కువ పడే చోట్లలో ఒకటి. అందుకని రోడ్డు కింద నీళ్లు పోయే తూములు చిన్నవి చాలని అనుకుంటారు. తప్పు. తూము సైజు ఏడాది వానను బట్టి కాదు, ఒక్క రాత్రిలో ఎంత పడుతుందో, ఎంత నేల నుంచి నీళ్లొస్తాయో దాన్ని బట్టి.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జరిగే తప్పు ఇది: పాత తూమును రెండు వైపులా పొడిగిస్తారు, లోపలి కొలత మార్చరు. పాత పైపు తూము ఒక మీటరుదైతే కొత్తదీ మీటరుదే, పొడవు మాత్రం 26 నుంచి 50 మీటర్లకు. పొడవు పెరిగేకొద్దీ లోపల పూడిక తీయడం కష్టం. మనిషి దూరలేడు, మిషను అందదు. ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే చాలు, హైవే కట్ట చెరువుకట్టలా నీటిని పైవైపు కాలనీల మీదికి నిలబెడుతుంది.

కాబట్టి అడగాల్సినవి: పైపు తూముల బదులు పెట్టె తూములు, మనిషి వంగి నడిచే ఎత్తుతో. బైపాస్ వేసినప్పుడు పైన పొలాలు, ఇప్పుడు కాలనీలు. నేల పీల్చే నీళ్లు తగ్గాయి, పారే నీళ్లు పెరిగాయి. ప్రతి తూముకూ ఆ లెక్క మళ్లీ కట్టాలి. సర్వీసు రోడ్డు పక్క కాలువ అడుగు మట్టం వంక అడుగు కంటే పైనే ఉండాలి. లేకుంటే వంక నీళ్లే కాలువలోకి వెనక్కి వస్తాయి. అండర్‌పాస్ కట్టేచోట నీళ్లు పోయే దారి లేకుంటే మోటారు, జనరేటరు, వాటికి మనిషి. ఆ మనిషి జీతం ఎవరిదో ముందే రాసుకోవాలి.

#8 ఎర్రబస్సు

బస్సు లెక్క చెప్తా. ఒక లైను తీసుకుందాం: సోములదొడ్డి, ఆర్టీసీ బస్టాండ్, గడియార స్తంభం, సప్తగిరి సర్కిల్, రుద్రంపేట. పొడవు సుమారు 12 కి.మీ. అనుకోండి. ఊర్లో సగటు వేగం గంటకు 16. ఒక వైపు 45 నిమిషాలు, పోయి రావడానికి 90. రెండు చివర్లా పదేసి నిమిషాలు ఆగాలి. మొత్తం 110. పది నిమిషాలకో బస్సు కావాలంటే 110 భాగించు 10, పదకొండు బస్సులు. రిపేరుకు ఒకటి వేసుకుంటే పన్నెండు. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఒక్కో బస్సు ఎనిమిది రౌండ్లు, 192 కి.మీ.

ఇప్పుడు సుభాష్ రోడ్డులో, బస్టాండ్ ముందు పార్కింగ్ తీసేసి వేగాన్ని 16 నుంచి 20కి తెచ్చామనుకోండి. ఒక వైపు 36 నిమిషాలు, చివర్లలో తొమ్మిదేసి నిమిషాలు ఆగితే మొత్తం 90. అదే పది నిమిషాల సర్వీసు తొమ్మిది బస్సులతో నడుస్తుంది. అంటే రెండు బస్సులు, వాటి డ్రైవర్లు మిగిలినట్టు. అందుకే రోడ్డు వెడల్పు, బస్సు వేర్వేరు పద్దులు కావు. పార్కింగ్ తీయించడమే బస్సుకు పెట్టే మొదటి పెట్టుబడి.

పది నిమిషాలు అన్నది కూడా ఊరికే పెట్టలేదు. ఇరవై నిమిషాలకో బస్సయితే జనం నిలబడరు, వచ్చిన ఆటో ఎక్కేస్తారు. తర్వాత వచ్చే బస్సు ఖాళీగా పోతుంది. అప్పుడు "చూశారా, ఈ ఊర్లో బస్సు ఎక్కేవాళ్లు లేరు" అని లైను ఎత్తేస్తారు. మన రాష్ట్రంలో చిన్న నగరాల సిటీ సర్వీసులు చాలావరకు చచ్చింది ఇట్లనే.

#9 స్టాండు నాయకుడు

ఎర్రబస్సు అన్నా, ఆటోలను విలన్ చేయొద్దు. ఈ రోజు ఈ ఊర్లో జనాన్ని మోస్తాండేది మేమే. ఆర్టీసీ బస్సు కాలనీ లోపలికి రాదు. రాత్రి పది తర్వాత అసలే రాదు.

#10 లెక్కల మేస్త్రి

ఆయన మాటకు లెక్క కూడా తోడుంది. యాభై మందిని బైకుల మీద తీసుకుపోవాలంటే, బైకుకు సగటున 1.3 మంది అనుకుంటే, 39 బైకులు, దాదాపు 29 పీసీయూ. ఏడుగురు కూర్చునే షేర్ ఆటోలైతే ఎనిమిది, 16 పీసీయూ. ఒక్క బస్సయితే 3.7. కాబట్టి ఆటో బస్సంత గొప్పది కాదు, బైకు కంటే మాత్రం దాదాపు రెండింతలు నయం. ఆటోతో చిక్కు అది మోసే తీరులో లేదు, ఆగే తీరులో ఉంది. జంక్షన్ మూలనే ఆగితే ఎడమ వరుస మొత్తం పోతుంది. 7 మీటర్లలో 3.5 పోతే ఆ దిక్కుకు సగం సత్తా పోయినట్టే.

#11 స్టాండు నాయకుడు

ఆగేది అక్కడే కదా సార్, ఎక్కేవాళ్లు నిలబడేది అక్కడే. స్టాండు జంక్షన్ దాటి 50–60 మీటర్ల అవతల పెట్టండి, నీడ వేయండి, జనాన్ని అక్కడికి రప్పించండి. మేమూ అక్కడే ఆపుతాం. కానిస్టేబులు ఉన్నప్పుడు ఒక చోట, లేనప్పుడు ఒక చోట అంటే కుదరదు. ఇంకొకటి, మెయిన్ లైన్లో బస్సు పది నిమిషాలకొకటి నిజంగా నడిస్తే కాలనీల నుంచి ఆ స్టాపు దాకా మేము తిప్పుకుంటాం. చిన్న ట్రిప్పులు ఎక్కువైతే మాకూ గిట్టుబాటే, డీజిలు జామ్‌లో కాలదు.

#12 సప్తగిరి

ఎలక్ట్రిక్ బస్సులొస్తాయి అంటాండారు కదా, అవి వస్తే ఈ లెక్కలన్నీ మారవా?

#13 ఛార్జింగ్ పాయింట్

కొంత మారతాయి. పీఎం ఈ-బస్ సేవా పథకం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. 169 నగరాల్లో 10,000 బస్సులు లక్ష్యం. మన రాష్ట్ర జాబితాలో అనంతపురం ఉంది. బస్సు కొనేది ఊరు కాదు. కంపెనీ బస్సు తెచ్చి, డ్రైవరును పెట్టి నడుపుతుంది, కిలోమీటరుకు ఇంతని తీసుకుంటుంది. అందులో కేంద్రం వాటా 12 మీటర్ల బస్సుకు కి.మీ.కు 24 రూపాయలు, 9 మీటర్లకు 22, 7 మీటర్లకు 20. మిగతాది టికెట్ల నుంచో రాష్ట్రం నుంచో రావాలి.

ఉదాహరణకు కాంట్రాక్టు రేటు కి.మీ.కు 65 అనుకుందాం. 9 మీటర్ల బస్సు అయితే 22 పోను 43. సగటు టికెట్ 12 రూపాయలైతే కి.మీ.కు 3.6 మంది ఎక్కాలి. పన్నెండు కి.మీ. లైనులో ఒక ట్రిప్పుకు 43 మంది ఎక్కి దిగాలి. మన మెయిన్ లైన్లో పొద్దున సాయంత్రం అది కష్టం కాదు. మధ్యాహ్నం రెండుకు కష్టం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి టికెట్ ఆదాయంలో ఆ భాగాన్ని ప్రభుత్వం సమయానికి ఇవ్వాలి. బకాయి పడితే కంపెనీ మొదట చేసేది ట్రిప్పులు తగ్గించడమే.

డిపో లెక్క చాలామంది మరిచిపోతారు. 50 బస్సులు, 9 మీటర్లవి, ఏసీతో కి.మీ.కు సుమారు 0.95 యూనిట్ అనుకోండి. పగలు గంటసేపు టాపప్ ఉంటే రాత్రి ఒక్కోదానికి 150 యూనిట్లు కావాలి. మొత్తం 7,500. రాత్రి ఆరు గంటల్లో ఎక్కించాలంటే 1,250 కిలోవాట్లు. నష్టాలు, డిపో లైట్లు, వాషింగ్ కలిపి 1,500 దగ్గరికొస్తుంది. 1,500 కేవీఏ దాటితే అందరికీ కలిపి ఉండే మామూలు 11 కేవీ లైను సరిపోదు, 33 కేవీ లైను లాగాలి. అంటే సబ్‌స్టేషన్ ఎక్కడుందో చూసి డిపో జాగా ఎంచాలి. జాగా ముందు ఎంచి తర్వాత లైను లాగితే బస్సులొచ్చి ఎండలో నిలబడతాయి, కనెక్షన్ రాదు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊర్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ తినే కరెంటు పెరుగుతుంది, వేడెక్కిన బ్యాటరీకి ఛార్జర్ వేగం తానే తగ్గుతుంది. టైంటేబుల్‌ను జనవరిలో టెస్ట్ చేసి మేలో నడిపితే మధ్యాహ్నం మూడుకు బస్సులు డిపోకు పోతాయి. ఛార్జింగ్ షెడ్డుకు పైకప్పు తప్పనిసరి అని రాయాలి.

#14 రామ్‌నగర్ గేటు

ఇవన్నీ ఎందుకు, బీఆర్‌టీఎస్ వేసేస్తే పోలే? హైవే మధ్యలో బస్సుకు వరుస.

#15 లెక్కల మేస్త్రి

విశాఖలో పెందుర్తి, సింహాచలం కారిడార్లు వేశారు. ఇప్పుడు అవి మామూలు రోడ్లు. విజయవాడలోనూ బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు మిగిలింది, బస్సు వరుస మిగల్లేదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ మధ్య 5.8 కి.మీ. 2008లో తెరిచి 2016లో పీకేశారు. నిలబడినవీ ఉన్నాయి: అహ్మదాబాద్ 2009 నుంచి నడుపుతోంది. హుబ్బళ్లి–ధార్వాడ మధ్య 22 కి.మీ. నడుస్తోంది. ఆ రెండోదాన్ని గమనించండి. రెండు ఊర్లు, మధ్యలో ఒకే రోడ్డు, పొద్దస్తమానం రెండు దిక్కులా జనం. బస్సులు ఎక్కువ, నిలబడే చోటు వేరు.

వరుస నిండాలి. గంటకు ఆరు బస్సులు పోయే చోట మొత్తం వరుస కట్టేస్తే పక్కన జామ్‌లో ఉన్నోడు దాన్ని ఖాళీ రోడ్డు అనుకుంటాడు. అదే నిజం కూడా. గంటకు ఇరవై ముప్పై బస్సులు దాటితే అప్పుడు మాట్లాడాలి. అప్పటిదాకా జంక్షన్‌కు ముందు 60–80 మీటర్లు బస్సు కోసం ఎడమ వరుస, సిగ్నల్‌లో బస్సుకు ఐదు సెకన్లు ముందు పచ్చలైటు చాలు. ఇది పెయింటు, రెండు బోర్డులు, ఒక కెమెరా పని.

#16 ధర్మవరం మగ్గం

రైలును మీరు ఎవరూ తల్చుకోలేదు. ధర్మవరం, అనంతపురం మధ్య పట్టాలు జంట లైను, కరెంటు లైను. దూరం 33 కి.మీ. స్టేషను ఊరి నడుమ. పట్టు పని మీద పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయేవాళ్లు ఉన్నారు. పొద్దున 8కి ముందు రెండు, సాయంత్రం 5 నుంచి 7 మధ్య రెండు మెము బండ్లు (దగ్గరి ఊర్ల మధ్య తిరిగే కరెంటు రైళ్లు) వేస్తే హైవే మీద ఎంత తగ్గుతుంది!

#17 పట్టాల లెక్క

తగ్గుతుంది, కొంచెమే. కానీ అడగాల్సిందే, ఎందుకంటే పట్టాలకు కొత్తగా ఒక్క ఎకరా భూమి అక్కర్లేదు. అడ్డు ఎక్కడంటే, పొద్దున ఆ సమయానికి ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు రెండూ ఉంటాయి. మెము ఆగుతూ పోతుంది, వెనక ఎక్స్‌ప్రెస్ దాన్ని అందుకుంటుంది. దాటించాలంటే మధ్య స్టేషన్‌లో లూప్ లైను (బండిని పక్కకు తప్పించే పట్టాలు) ఖాళీగా ఉండాలి. గూడ్సు రేకు లూప్‌లో నిలబడితే మెము వెనకే పడుతుంది. కాబట్టి "రెండు రైళ్లు వేయండి" అని వినతిపత్రం ఇవ్వడం కంటే "ఈ గంట నుంచి ఈ గంట దాకా ఈ లూప్‌లో గూడ్సు పెట్టొద్దు" అని టైంటేబుల్ భాషలో అడిగితే డివిజన్ ఆఫీసులో పని జరుగుతుంది. ఆ ఆఫీసు గుంతకల్లులో, పక్కనే ఉండటం మనకు కలిసొచ్చేదే.

మెము దిగినాక గడియార స్తంభం దాకా నడక. దాని తర్వాత ఎర్రబస్సు అన్న చెప్పిన పది నిమిషాల బస్సు ఉండాలి, లేకుంటే రైలు దిగినోడు బైకు కొంటాడు.

#18 పన్నెండు టైర్లు

అన్నీ ఊర్లో వాళ్ల కోసమే. హైవే కట్టేది టోలు కట్టే మేము. కాసేపల్లిలో కడతాం, మరూరులో కడతాం. ఊర్లో బైకులు, ఆటోలు ఆ రెండు గేట్ల మధ్య ఒక్క రూపాయి కట్టకుండా తిరుగుతాయి. ఆ రోడ్డును మాకు కాకుండా చేసి, ఇప్పుడు బస్సుకు వరుస అడుగుతున్నారు.

#19 తపోవనం క్రాస్

అన్నా, మీ కోపం న్యాయమే. అందుకే సర్వీసు రోడ్డు తెగకుండా ఉండాలంటున్నా. ఊరి బండి కిందనే తిరిగితే పైన హైవే మొత్తం మీదే. నాలుగు వరుసలు మీకు పూర్తిగా దక్కడం మంచిదా, ఆరు వరుసల్లో మూడోది మాత్రం దక్కడం మంచిదా?

#20 భూమి పత్రాలు

భూసేకరణ గురించి ఎవరూ రాయలేదు, డబ్బు, కాలం రెండూ అక్కడే పోతాయి.

వెడల్పులు కూడండి. ఆరు వరుసలకు తారు 21 మీటర్లు, మీడియన్ నాలుగున్నర, అంచులు 3. అక్కడికి 28.5. రెండు వైపులా 7 మీటర్ల సర్వీసు రోడ్డు కలిపితే 42.5. మధ్య కంచె, కాలువలు, కరెంటు స్తంభాలు, నీటి పైపుల జాగా కలిపితే 55 దాటుతుంది. అందుకే ఆరు వరుసలకు 60 మీటర్ల జాగా చూస్తారు. నాలుగు వరుసలు, సర్వీసు రోడ్లు అయితే ఇందులో 7 మీటర్లు తగ్గుతుంది. ఆ 7 మీటర్లలో ఎన్ని షాపులు, ఎన్ని ఇళ్లు పోతాయన్నది ముందు కొలవాలి.

చట్టం ఇట్లా నడుస్తుంది: 1956 జాతీయ రహదారుల చట్టంలో సెక్షన్ 3ఏ కింద భూమి తీసుకుంటామనే నోటిఫికేషన్, అది గెజిట్‌లో వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. తర్వాత 3డీ, దానితో భూమి కేంద్రానిది అయిపోతుంది. 3ఏ తర్వాత ఏడాదిలోపు 3డీ రాకపోతే మొదటిది చెల్లదు. 3జీలో పరిహారం లెక్క. 2015 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కనే: మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలాషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం), ఏడాదికి 12 శాతం అదనం.

జనం పోగొట్టుకునేది ఎక్కడంటే, కట్టడం ఉన్నా రికార్డులో ఖాళీ స్థలం అని ఉంటుంది. లేదా తాత పేరు మీదే పట్టా ఉంటుంది. 21 రోజుల గడువులో అభ్యంతరం మీద "రోడ్డు వద్దు" అని రాస్తే ఫలితం తక్కువ. సర్వే నంబరు, విస్తీర్ణం, కట్టడం, బోరు, చెట్లు, అనుభవదారు పేరు రాసి, ఫొటోలు పెట్టి, రసీదు తీసుకోవాలి.

ఇంకొకటి. ఊరి బయట జాతీయ రహదారి మధ్య గీత నుంచి 40 మీటర్ల దాకా కట్టడం ఉండకూడదు, 75 మీటర్ల దాకా అదుపు ఉండాలి అని ఐఆర్‌సీ ఎప్పుడో చెప్పింది. బైపాస్ వేసినప్పుడే అది పాటించి ఉంటే ఈ థ్రెడ్ అక్కర్లేదు. ఇప్పుడు కొత్తగా ఇంకో బైపాస్ వేద్దామంటున్నారు కొందరు. ఆ 75 మీటర్లు కాపాడే ధైర్యం లేకుండా వేస్తే పదిహేనేళ్లకు అదీ ఊర్లోకే వస్తుంది.

#21 నడిమివంక

వేసే చోట వంకలు ఎన్ని దాటుతుందో కూడా చూడాలి.

#22 సోములదొడ్డి

ఇంకో విషయం. కొడికొండ నుంచి కడప జిల్లా మీదుగా విజయవాడ వైపు వేస్తున్న ఎన్‌హెచ్ 544జీ పూర్తయితే, ఇప్పుడు గుంటూరు నుంచి ఎన్‌హెచ్ 544డీ మీద తాడిపత్రి దాటి మన ఊరికొచ్చి బెంగళూరు తిరిగే లారీల్లో కొన్ని అటే పోతాయి కదా? అప్పుడు ఆరు వరుసల లెక్క ఏమవుతుంది?

#23 లెక్కల మేస్త్రి

అదే అసలు ప్రశ్న. ఆ బండ్లు ఎన్నో తెలియకుండా వరుసలు తేల్చలేం. హైదరాబాదు నుంచి వచ్చే ట్రాఫిక్ మాత్రం ఎటూ పోదు. కాబట్టి డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) రాసే కన్సల్టెంట్ ఈ ముక్కలో మూడు రకాల బండ్లను విడదీయాలి: ఊరిని తాకకుండా దాటిపోయేవి, ఊర్లో ఒక కొస ఉన్నవి, రెండు కొసలూ ఊర్లోనే ఉన్నవి. మొదటి రకం ఎక్కువైతే పన్నెండు టైర్లు గెలిచినట్టు. మూడోది ఎక్కువైతే ఎర్రబస్సు, తపోవనం.

మామూలుగా చేసేది ఐఆర్‌సీ 9 ప్రకారం ఏడు రోజులు, ఇరవై నాలుగు గంటలు లెక్కపెట్టడం. అది ఎన్ని బండ్లో చెప్తుంది, ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పదు. జంక్షన్ దగ్గర బండి ఆపి "యాడికి?" అని అడిగితే క్యూ కిలోమీటరు పెరుగుతుంది, డ్రైవరు నోటికొచ్చింది చెప్తాడు.

#24 ఎర్రబస్సు

ఫాస్టాగ్ ఉండగా ఆపడమెందుకు? కాసేపల్లి గేటు దాటిన ట్యాగు ఎంతసేపటికి మరూరు గేటు దగ్గర కనపడిందో చూస్తే చాలు. మధ్యలో ఆగకుండా పోయే సమయం, దానికి ఒక టీ సమయం కలిపి హద్దు పెట్టండి. ఆ హద్దులోపు రెండు గేట్లలో కనపడినవి దాటిపోయేవి. ఒకే గేటులో కనపడి ఆగినవి మన ఊరివి, లేదా మన ఊర్లో రోడ్డు మారినవి. రెంటిలోనూ కనపడని బండ్లు బైపాస్ కెమెరాల్లో కనపడితే అవి పూర్తిగా ఊరి బండ్లు.

#25 లెక్కల మేస్త్రి

పద్ధతి బాగుంది. రెండు చోట్ల జారుతుంది. లారీలు హైవే పక్క ధాబాల్లో రాత్రి పడుకుంటాయి, హద్దు దాటిపోయి ఊరి బండ్లలో పడతాయి. కాబట్టి లారీలకు వేరే హద్దు, ఎనిమిది తొమ్మిది గంటలు. రెండోది, ట్యాగు లేని బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ఈ లెక్కలోనే రావు. వాటికి సోములదొడ్డి, రుద్రంపేట రెండు కొసల్లో కెమెరా పెట్టి నంబరు ప్లేట్లు జత చేయాలి. అరగంటలోపు రెండు చోట్లా కనపడితే బైపాస్ పొడవునా పోయినట్టు. మధ్యలో మాయమైతే ఏ జంక్షన్‌లో దిగిందో చూడాలి, అక్కడే అండర్‌పాస్ కావాల్సింది.

#26 తపోవనం క్రాస్

ప్లేటు మీద మట్టి, పూలదండ, వంకర నంబర్లు. కెమెరా సగం చదవదు.

#27 ఎర్రబస్సు

సగం చదివినా చాలు, శాంపిల్ లెక్కకు. పండగ వారం, పరీక్షల వారం తప్పించి పెట్టాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకసారి, లేని రోజుల్లో ఒకసారి.

#28 పన్నెండు టైర్లు

రాత్రి రెండు నుంచి ఐదు దాకా కూడా పెట్టండి. లారీలు పోయేది అప్పుడే. పగటి లెక్క మాత్రం చూసి మేము తక్కువ అని రాసుకుంటే ఊరుకునేది లేదు.

#29 సోములదొడ్డి

సరే. జంక్షన్ల పొడవు వెడల్పులు, తూముల కొలతలు, బస్సు స్టాపులు కొలవడానికి మనమే పోవచ్చు, టేపు చాలు. ఫాస్టాగ్ లెక్క మాత్రం హైవే ప్రాజెక్టు ఆఫీసు నుంచే రావాలి. సమాచార హక్కు కింద బండి నంబర్లు అడిగితే ఇవ్వరు. గంటకు ఎన్ని, ఏ రకం, రెండు గేట్ల మధ్య పట్టిన సమయం ఏ పది నిమిషాల గడిలో పడింది, అంతవరకే అడుగుదాం. భూమి పత్రాలు గారూ, దరఖాస్తు మాటలు మీరు రాసిస్తారా?

#30 భూమి పత్రాలు

రాస్తా. మొదటి ప్రశ్న బైపాస్ ముక్కకు ఇప్పుడున్న ఆర్‌ఓడబ్ల్యూ (రోడ్డు పేరు మీదున్న జాగా వెడల్పు) ఎన్ని మీటర్లు అని పెడతా, కిలోమీటరు రాయి వారీగా. అది చేతికొస్తే ఆరు వరుసలు భూమి కొనకుండా ఎక్కడెక్కడ పడతాయో అదే తేలుస్తుంది.